ఈ గోలీలు నెలసరినీ సంతానాన్నీ తాకుతాయని ముందే చెప్పండి

రాష్ట్రంలో మందుల అమ్మకాలను పర్యవేక్షించే అధికారులకు, హైదరాబాద్‌లోని డాక్టర్లకు, మెడికల్ షాపుల యజమానులకు, ఫార్మసిస్టులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

నేను ఈ నగరంలో ఫార్మసీ విద్యార్థులకు ఫార్మకాలజీ పాఠాలు చెబుతాను. గత ఏడాది బోనాలకు ముందు కొందరు అధ్యాపకులం, డాక్టర్లం కలిసి ఒక వినతిపత్రం రాసి సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. ముద్ర వేసిన కాపీ చేతికిచ్చారు. తర్వాత వెళ్ళి అడిగితే పైకి పంపామన్నారు. మళ్ళీ అడిగితే అది తమ సెక్షన్ కాదన్నారు. జవాబు మాత్రం ఇప్పటిదాకా రాలేదు. నకిలీ మందులను పట్టుకోవడానికి మీ సిబ్బంది ఎంత కష్టపడుతున్నారో తెలుసు, అందుకు గౌరవం ఉంది. కానీ మళ్ళీ ఆషాఢం వస్తోంది, మెడికల్ షాపుల్లో అవే గోలీలు అలాగే చేతులు మారుతాయి. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మేం అడిగింది ఒక్కటే. సంతానోత్పత్తి హార్మోన్ల మీద పనిచేసే మందు ఏదైనా సరే, ఇచ్చేటప్పుడు ఆ సంగతి ఆ మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. కడుపు నొప్పికి ఇచ్చినా, ఫిట్స్‌కు ఇచ్చినా, కండలకు ఇచ్చినా చెప్పాలి.

విషయంలోకి వెళ్ళేముందు ఈ హార్మోన్ల వరస ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. డాక్టర్లకు ఇది తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే తల్లిదండ్రులకు తెలియాలి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను విడతలు విడతలుగా వదులుతుంది. నెలసరి మొదటి సగంలో ఇది దాదాపు గంటకో గంటన్నరకో ఒకసారి జరుగుతుంది. ఆ సంకేతం అందుకుని దాని కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. అవి ఆడవాళ్ళలో అండాశయాలను, మగవాళ్ళలో వృషణాలను నడిపిస్తాయి. అక్కడ తయారైన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, టెస్టోస్టెరాన్ తిరిగి మెదడుకు చేరి, ఇక చాలు తగ్గించమని చెబుతాయి. ఈ జీఎన్‌ఆర్‌హెచ్ నిర్మాణాన్ని 1971లో కనుక్కున్నారు. అందుకు ఆండ్రూ షాలీ, రోజర్ గిలెమిన్‌లకు 1977లో నోబెల్ వచ్చింది. ఆ మరుసటి ఏడాది కోతుల మీద జరిగిన ప్రయోగాల్లో ఒక విచిత్రం బయటపడింది. అదే హార్మోన్‌ను గంటకోసారి ఇస్తే పిట్యూటరీ పనిచేస్తోంది, ఆగకుండా ఎక్కిస్తే మూతపడుతోంది. మన నగరంలో ఐవీఎఫ్ సెంటర్లలోనూ ప్రొస్టేట్ క్యాన్సర్ చికిత్సలోనూ వాడే ల్యూప్రొలైడ్ సూది పనిచేసేది ఈ సూత్రం మీదే. అంటే ఎంత ఇచ్చామన్నది మాత్రమే కాదు, ఎప్పుడెప్పుడు ఇచ్చామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇంత సున్నితమైన వరసలోకి ఏ మందు చొరబడినా దాని ఫలితం నెలసరిలోనో, వీర్యంలోనో, పుట్టబోయే బిడ్డలోనో కనిపిస్తుంది.

ఇక జరుగుతున్నదేమిటో చెబుతాను.

1. గ్యాస్ గోలీ

గ్యాస్, కడుపు ఉబ్బరం అనగానే మన దగ్గర రాసే క్యాప్సూల్‌లో చాలాసార్లు రెండు మందులుంటాయి. ఒకటి ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ లేదా రాబెప్రజోల్. రెండోది డోంపెరిడోన్ లేదా లీవోసల్పిరైడ్. పేరు చివర డీఎస్‌ఆర్, ఎల్‌ఎస్‌ఆర్ లాంటి అక్షరాలు కనిపించేది సాధారణంగా ఈ రెండో మందు ఉన్నందువల్లే. ఇది శరీరంలో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుని తిన్నది కడుపులోంచి త్వరగా కిందికి దిగేలా చేస్తుంది. అంతవరకు మంచిదే. కానీ పిట్యూటరీ నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ అవసరానికి మించి రాకుండా ఆపి ఉంచేది కూడా డోపమైనే. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్ళదు కాబట్టి భయం లేదని కొందరు అంటారు. పిట్యూటరీ మాత్రం మెదడుకున్న ఆ రక్షణ గోడకు బయటే ఉంది.

ప్రొలాక్టిన్ పాలిచ్చే తల్లిలో పెరగాల్సిన హార్మోన్. మామూలప్పుడు పెరిగితే జీఎన్‌ఆర్‌హెచ్ విడతలు తగ్గిపోతాయి. అండం విడుదల ఆగుతుంది, నెలసరి తప్పుతుంది, రొమ్ముల నుంచి పాలు కూడా రావచ్చు. మగవాళ్ళలో కోరిక తగ్గడం, రొమ్ములు వాచడం జరగవచ్చు.

మా విద్యార్థిని ఒకమ్మాయి అక్క అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకునేది. మెస్ తిండి పడక గ్యాస్ వస్తే ఒక క్లినిక్‌లో రెండు వారాలకు క్యాప్సూల్ రాసిచ్చారు. అదే చీటీ చూపించి, తర్వాత చీటీ కూడా లేకుండా ఖాళీ షీట్ చూపించి, ఆ పిల్ల నెలల తరబడి కొనుక్కుంది. పీరియడ్స్ ఆగిపోయాయి. ఒకరోజు క్లాసులో కూర్చుని ఉండగా కుర్తా ముందు భాగం తడిసింది. చున్నీ కప్పుకుని హాస్టల్‌కు వచ్చి ఏడ్చింది. ఇంటికి వెళ్తే పెళ్ళి కాని పిల్లకు పాలు ఎందుకొస్తాయని తల్లి నిలదీసింది. ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించారు, లేదని తేలింది. నమ్మకం కుదరక ఇంకో చోట మళ్ళీ చేయించారు. ఆ తర్వాత ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉంది, పిట్యూటరీలో గడ్డ ఉందేమో చూడాలని ఎంఆర్‌ఐ రాశారు. తలలో గడ్డ అనే మాట వినగానే తండ్రి చిట్టీ ముందే ఎత్తి డబ్బు తెచ్చాడు. ఎంఆర్‌ఐలో ఏమీ లేదు. చివరికి ఒక పెద్ద డాక్టరమ్మ నెమ్మదిగా కూర్చోబెట్టి ఏయే మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే, మందులేం లేవు మేడమ్, గ్యాస్ గోలీ ఒక్కటే అంది. షీట్ తెప్పించి చూశారు. వెనక అల్యూమినియం రేకు మీద, సగం చిరిగిన చోట, చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది: లీవోసల్పిరైడ్ 75 మి.గ్రా. అది ఆపాక నెలసరి తిరిగి వచ్చింది. తల్లి అడిగిన ప్రశ్న మాత్రం ఆ అమ్మాయి మనసులోంచి పోలేదు.

ఇందులో ఎవరి మీదా కేసు పెట్టమని అడగడం లేదు. హార్మోన్ల డాక్టర్ల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లోనే చాలా తేలికైన దారి చెప్పింది. మందు వల్ల ప్రొలాక్టిన్ పెరిగిందని అనుమానముంటే, వీలైన చోట ఆ మందును మూడు రోజులు ఆపో, మార్చో మళ్ళీ రక్త పరీక్ష చేయాలి. స్కాన్ గురించి ఆ తర్వాత ఆలోచించాలి. లీవోసల్పిరైడ్‌కు, డోంపెరిడోన్‌కు అమెరికాలో అసలు అనుమతే లేదు. వాటిని ఇక్కడ నిషేధించాలని మేం అనడం లేదు, అవసరమైన రోగులున్నారు. అందులో రెండో మందు ఉందని, ఇన్ని రోజులకు మించి వాడకూడదని, నెలసరి తప్పితే వెంటనే రమ్మని చెప్పడానికి పట్టేది అర నిమిషం.

ఇక్కడే ఒక హెచ్చరిక. రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, ఎమిసల్‌ప్రైడ్ లాంటి మానసిక వైద్య మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ఈ లేఖ చదివి ఎవరూ వాటిని సొంతంగా ఆపకండి. జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టర్‌కు చెబితే ప్రొలాక్టిన్‌ను అంతగా పెంచని ఎరిపిప్రజోల్ లాంటి మందుకు మార్చే వీలు ఉండవచ్చు. నెలసరి ఆగిందని చెప్పడానికి సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా మందు మానేసి, మళ్ళీ ఆస్పత్రిలో చేరే ఆడవాళ్ళ గురించి సైకియాట్రిస్టులకు నేను చెప్పక్కర్లేదు.

2. డేట్ జరిపే గోలీలు

బోనాలు, బతుకమ్మ, వరలక్ష్మీ వ్రతం, గృహప్రవేశం, అక్క పెళ్ళి, తిరుమల దర్శనం. వీటిలో ఏదో ఒకదానికి నెలసరి అడ్డొస్తుందని మన ఇళ్ళలో నోరెథిస్టెరాన్ 5 మి.గ్రా. గోలీలు వాడని వాళ్ళు తక్కువ. నెలసరిలో ఉన్న ఆడపిల్ల బోనం ఎత్తవచ్చా లేదా అనే చర్చ నేనిక్కడ చేయను, ఎవరి నమ్మకం వాళ్ళది. నేను మాట్లాడేది గోలీ గురించి.

అమ్మాయి స్వయంగా షాపుకు రాదు. తండ్రో తమ్ముడో వచ్చి గొంతు తగ్గించి అడుగుతాడు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు న్యూస్ పేపర్ ముక్కలో చుట్టి ఇస్తాడు. రోజుకు మూడు, డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి మొదలుపెట్టమంటాడు. ఎవరికి, వయసెంత, ఇంతకుముందు కాలిలో రక్తం గడ్డకట్టిందా, ఇంట్లో ఎవరికైనా అలా జరిగిందా, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా, లివర్ జబ్బు ఉందా, సిగరెట్ అలవాటు ఉందా, ఇప్పటికే గర్భం ఉండే అవకాశముందా, ఇందులో ఒక్క ప్రశ్న కూడా రాదు. అడిగినా తమ్ముడు ఏం చెబుతాడు?

మామూలుగా నెల చివర ప్రొజెస్టెరాన్ పడిపోవడం వల్ల గర్భాశయం లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది. నోరెథిస్టెరాన్ ఆ ప్రొజెస్టెరాన్ స్థానంలో నిలబడి పొరను ఊడనివ్వదు. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. ఇందులో ప్రమాదమేముంది అంటారు. ఈ మందులో కొంత భాగం శరీరంలో ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా, అంటే రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచే ఒక రకం ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మి.గ్రా. నోరెథిస్టెరాన్ తీసుకోవడం, 20 నుంచి 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడయాల్ తీసుకోవడంతో సమానమని బ్రిటన్ నిపుణులు లెక్కగట్టారు. మన మాలా-ఎన్ గర్భనిరోధక గోలీలో ఉండేదే 30 మైక్రోగ్రాములు. అంటే మాలా-ఎన్ వేసుకోకూడని మనిషి డేట్ జరిపే గోలీ కూడా ఆలోచించే వేసుకోవాలి. చాలామందికి ఏమీ కాదు, నిజమే. కానీ రక్తం గడ్డకట్టే గుణం ఉన్న ఏ ఒక్క అమ్మాయో ఈ గోలీలు వేసుకుని, రాత్రంతా బస్సులో కాళ్ళు ముడుచుకుని తిరుపతి వెళ్తుంది. పిక్క ఒకవైపే వాచి నొప్పి పెడితే నడిచి నడిచి కాళ్ళు పట్టాయనుకుంటుంది. ఊపిరి అందకపోతే రద్దీ వల్ల అనుకుంటుంది. అవి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన లక్షణాలని ఎవరూ చెప్పలేదు కదా.

ప్రమాదం ఎక్కువున్న వాళ్ళకు మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటి మరో మందు ఆలోచించవచ్చు. ఆ మందు ఈస్ట్రోజెన్‌గా మారదు. ఆ ఎంపిక చేయాల్సింది డాక్టర్. పైగా డేట్ జరపడానికి ఇలా వాడే నోరెథిస్టెరాన్ గర్భం రాకుండా కాపాడదు. పెళ్ళయిన కొత్తలో ఈ గోలీలు వేసుకుంటున్నాం కదా అని నిశ్చింతగా ఉన్న జంటలున్నాయి.

హైదరాబాద్‌కు ఈ మందుతో పాత పరిచయం ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను మహిళలకు ఇచ్చారు. అది నోరెథిస్టెరాన్ ఎనాంథేట్, అంటే ఈ గోలీలోని మందుకే ఇంజెక్షన్ రూపం. తమ మీద జరుగుతున్నది ట్రయల్ అని ఆ మహిళలకు తెలియదని మన నగరంలోని స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు గుర్తించారు. మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టులో రిట్ వేశారు. అప్పుడు వాళ్ళు అడిగింది కూడా ఇదే: చెప్పి ఇవ్వండి. నలభై ఏళ్ళ తర్వాత అదే మందు గురించి అదే మాట మళ్ళీ రాయాల్సి రావడం నాకు బాధగా ఉంది.

3. జిమ్ సూదులు

ఇరవై రెండేళ్ళ కుర్రాడికి నెలల్లో కండలు కావాలి. ట్రైనర్ టెస్టోస్టెరాన్ సూది ఇప్పిస్తాడు, దాంతో మగతనం కూడా పెరుగుతుందంటాడు. జరిగేది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. బయటి నుంచి టెస్టోస్టెరాన్ వచ్చిపడగానే మెదడు ఇక చాలనుకుని ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను ఆపేస్తుంది. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. ఎల్‌హెచ్ లేకపోతే ఆ లోపలి ఉత్పత్తి ఆగుతుంది. రక్తంలో హార్మోన్ నిండుగా ఉంటుంది, వృషణాలు మాత్రం చిన్నవైపోతాయి, వీర్యకణాలు సున్నాకు పడిపోతాయి.

తల్లిదండ్రులు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ టెస్టోస్టెరాన్ ఎనాంథేట్‌ను వారానికి 200 మి.గ్రా. చొప్పున 271 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు ఇచ్చి పరీక్షించింది, 1990లో ఫలితాలు ప్రచురించింది. ఎందుకోసం? మగవాళ్ళకు గర్భనిరోధక సాధనంగా పనికొస్తుందేమో చూడటానికి. పనికొచ్చింది కూడా. వాళ్ళలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా పోయాయి. మగతనం పెరుగుతుందని చెప్పి అమ్ముతున్నది ఈ మందునే.

ఇలాంటి ట్రయల్స్‌లో పాల్గొన్నవాళ్ళు మందు ఆపాక చాలామంది కోలుకున్నారు. ఏడాదిలోపు 90 శాతం మందిలో వీర్యకణాల సంఖ్య మామూలు స్థాయికి చేరిందని 2006లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. కానీ వాళ్ళు వాడింది లెక్క ప్రకారం ఇచ్చిన ఒక్క మందు. జిమ్‌లో కుర్రాళ్ళు నాండ్రోలోన్, స్టానోజోలాల్ అనే కండల స్టెరాయిడ్లు, టెస్టోస్టెరాన్ కలిపి, అంతకు ఎన్నో రెట్లు వాడతారు. ఎక్కువైన టెస్టోస్టెరాన్ శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారి రొమ్ములు పెరిగితే, దాన్ని దాచడానికి ట్రైనర్ చెప్పాడని టమాక్సిఫెన్, లెట్రోజోల్ తెచ్చుకుంటారు. అవి రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వాడే మందులు. నాలుగైదేళ్ళ తర్వాత పెళ్ళవుతుంది. పిల్లలు లేరని ముందు కోడలిని ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు, పరీక్షలన్నీ ఆమెకే చేయిస్తారు. అబ్బాయి వీర్య పరీక్ష అందరికంటే చివర. అప్పటికి కుటుంబం ఎంత ఖర్చు పెట్టిందో, ఆ అమ్మాయి ఎన్ని మాటలు పడిందో ఎవరూ లెక్క రాయరు.

4. టీబీ, ఫిట్స్ మందులు

టీబీ చికిత్సలో ఆరు నెలలూ ఉండే రిఫాంపిసిన్ లివర్‌లోని ఎంజైములను రెచ్చగొట్టి, గర్భనిరోధక గోలీలోని హార్మోన్లను త్వరగా కరిగించి బయటికి పంపేస్తుంది. ఆమె రోజూ గోలీ వేసుకుంటూనే ఉంటుంది, గర్భం వస్తుంది. ఈ సంగతి జర్మనీలో 1971లోనే బయటపడింది. కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే 72 గంటల గోలీ కూడా రిఫాంపిసిన్ ఉన్నప్పుడు మామూలు డోసులో సరిగా పనిచేయదు. మందు ఆపాక కూడా సుమారు నాలుగు వారాలు ఈ ప్రభావం ఉంటుంది. కాపర్-టీ, ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ లాంటివి ఉన్నాయి, వాటికి ఈ ఇబ్బంది లేదు. టీబీ గోలీలు ఇచ్చేటప్పుడు ఆమె ఏ గర్భనిరోధకం వాడుతోందో అడిగి కార్డు మీద రాస్తే సరిపోతుంది. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ కూడా ఇలాగే చేస్తాయి.

ఫిట్స్‌కే ఇచ్చే వాల్‌ప్రోయేట్ ఇంకా తీవ్రమైన విషయం. గర్భిణిగా ఉన్నప్పుడు వాడితే సుమారు 10 మందిలో ఒక బిడ్డకు పుట్టుకతో అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం పిల్లలకు ఎదుగుదలలో, నేర్చుకోవడంలో సమస్యలు వస్తాయి. వాల్‌ప్రోయేట్ వాడే ఆడవాళ్ళలో అండాశయాల్లో నీటి బుడగలు, మగ హార్మోన్లు ఎక్కువగా కనిపించాయని ఫిన్లాండ్ డాక్టర్లు 1993లో రాశారు. అందుకే బ్రిటన్‌లో 2018 నుంచి, పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకు ఈ మందు రాయాలంటే గర్భనిరోధక ఏర్పాటు ఉండాలి, ప్రమాదం తెలిసిందని ఆమె సంతకం ఉండాలి. ఇక్కడ పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయని అత్తవారింట్లో తెలియకూడదని మందు దాచి వేసుకునే పరిస్థితి. దాచి వేసుకునే మనిషికి ఎవరు చెబుతారు? డాక్టరే చెప్పాలి, పెళ్ళికి ముందే చెప్పాలి. అమ్మలారా, ఈ మందు కూడా ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్‌తో ప్రాణం పోవచ్చు. న్యూరాలజిస్టును కలిసి మార్పించుకోండి.

5. మిగతావి కొన్ని

గుండె, లివర్ జబ్బులకు ఇచ్చే స్పిరోనోలాక్టోన్ మగ హార్మోన్‌ను అడ్డుకుంటుంది, మగవాళ్ళలో రొమ్ములు నొప్పితో వాస్తాయి. జుట్టు ఊడుతోందని ఇరవైల్లోనే మొదలుపెట్టే ఫినాస్టెరైడ్ కొందరిలో కోరికను తగ్గిస్తుంది. పగిలిన ఫినాస్టెరైడ్ గోలీని గర్భిణి ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకే బాత్రూమ్ షెల్ఫ్ వాడుకునే భార్యాభర్తలకు ఈ ముక్క తెలియాలి.

ఇదంతా చెప్పడం కుదిరే పని కాదని, ఓపీలో అంత రద్దీ ఉంటే ఎలా అని కొందరు డాక్టర్లు నాతో అన్నారు. వాళ్ళ ఇబ్బంది అబద్ధం కాదు. కానీ ప్రభుత్వమే 2017లో తెచ్చిన అంతర ఇంజెక్షన్ సంగతి చూడండి. అది మూడు నెలలకోసారి ఇచ్చే హార్మోన్. నెలసరి మారుతుందని, ఆపాక గర్భం రావడానికి చివరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చని ముందే చెప్పాలి, కార్డు ఇవ్వాలి అని ఆ పథకంలోనే ఉంది. బస్తీల్లో ఆశా అక్కలు ఆ మాట చెబుతున్నారు. ఆశా అక్క చెప్పగలిగింది కార్పొరేట్ ఆస్పత్రిలో, ఏసీ మెడికల్ షాపులో చెప్పలేరా?

మేం అడుగుతున్నవి ఇవి:

1. ఆండ్రోజెన్ (మగ హార్మోన్), అనబాలిక్ (కండలు పెంచే), ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ (ప్రొజెస్టెరాన్ లాంటి) మందులు డ్రగ్స్ రూల్స్ షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన కొత్తగా పెట్టక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేయండి. ఆషాఢానికి, దసరాకు ముందు నోరెథిస్టెరాన్ అమ్మకాల మీద ప్రత్యేక తనిఖీలు పెట్టండి. షాపు తెరిచి ఉన్నంతసేపు ఫార్మసిస్టు కౌంటర్‌లో ఉన్నాడో లేదో చూడండి. గోడకు సర్టిఫికెట్ ఉండి మనిషి లేని షాపులు ఎన్నో మీకూ తెలుసు, మాకూ తెలుసు, అందులో కొన్ని సర్టిఫికెట్లు మా దగ్గర చదివిన పిల్లలవే.

2. అయితే చీటీ తప్పనిసరి చేసి చేతులు దులుపుకుంటే అమ్మాయిలు ఇబ్బంది పడతారు. బస్తీ దవాఖానాల్లో ఈ గోలీ గురించి సిగ్గు లేకుండా అడిగే వీలు, రక్తం గడ్డకట్టే ప్రమాదం గురించి పది ప్రశ్నల పట్టిక ఉండాలి.

3. డోంపెరిడోన్, లీవోసల్పిరైడ్, నోరెథిస్టెరాన్, టెస్టోస్టెరాన్, వాల్‌ప్రోయేట్, రిఫాంపిసిన్, ఫినాస్టెరైడ్. ముందు ఈ ఏడు మందులకు అర పేజీ కరపత్రం తెలుగులో, ఉర్దూలో తయారు చేసి, మందుతో పాటు ఇచ్చేలా ఆదేశాలివ్వండి. రాయడానికి మా అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం, డబ్బు అడగం. ముసాయిదాలు ఇప్పటికే రాసి వినతిపత్రానికి జత చేశాం.

4. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ వచ్చింది. స్కాన్ చేస్తే కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, గడువు తేదీ వస్తాయి, దుష్ప్రభావాలు రావు. ఆ కోడ్‌లోనే ప్రాంతీయ భాషల్లో హెచ్చరికలు చేర్చాలని, టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్‌లను కొన్నవాళ్ళ వివరాలు మూడేళ్ళు దాచే షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్‌లోకి తేవాలని రాష్ట్రం తరఫున కేంద్రానికి రాయండి.

5. జిమ్‌ల మీద దాడి చేసి నాలుగు సీసాలు పట్టుకుని ఫొటో వేయడంతో ఆగకండి. ఆ సీసా బ్యాచ్ నంబర్ పట్టుకుని ఏ హోల్‌సేలర్ నుంచి వచ్చిందో తేల్చండి. ఆ పేర్లు బయటపెట్టండి.

6. డాక్టర్లకు: నెలసరి తప్పిన, పాలు వస్తున్న, పిల్లలు లేని ఏ మనిషి వచ్చినా, స్కాన్ రాసేముందు వాడుతున్న ప్రతి మందు షీట్ తెప్పించి చూడండి. గ్యాస్ గోలీ, జిమ్ పౌడర్, జుట్టు మందు, ఆయుర్వేదం పేరుతో వచ్చినవి, అన్నీ. రోగి దృష్టిలో అవి మందులు కావు కాబట్టి మీరే పేరు పెట్టి అడగాలి.

7. మందు వల్ల హాని జరిగితే ఫిర్యాదు చేయడానికి 2010 నుంచి జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. రోగులే నేరుగా చెప్పవచ్చు. ఈ నంబర్ తెలుగులో రాసిన బోర్డు ప్రతి మెడికల్ షాపులో బిల్లు ఇచ్చే చోట కనపడేలా పెట్టించండి. గ్యాస్ గోలీతో నెలసరి ఆగిన ఆ అమ్మాయి కేసు ఎక్కడా నమోదు కాలేదు. ఎవరూ చెప్పకపోతే నమోదు కాదు, నమోదు కాకపోతే మీ లెక్కల్లో అలాంటి సమస్యే ఉండదు.

బోనాలు మొదలయ్యేలోపు మొదటి, మూడో, ఏడో డిమాండ్ల మీద రాతపూర్వకంగా జవాబు కావాలి. మిగతావాటికి సమయం పడుతుందని తెలుసు, ఎంత పడుతుందో చెబితే చాలు. జవాబు రాకపోతే కరపత్రాలు మేమే అచ్చు వేయించి, మా విద్యార్థులతో కోఠి నుంచి కూకట్‌పల్లి దాకా షాపుల ముందు పంచుతాం. షాపుల యజమానులారా, అప్పుడు మా పిల్లలను వెళ్ళగొట్టకండి, మీ కౌంటర్ మీద ఒక కట్ట పెట్టుకోవడానికి చోటివ్వండి.

ఇట్లు,
ఫార్మకాలజీ అధ్యాపకురాలు,
వినతిపత్రంపై సంతకాలు చేసిన వారందరి తరఫున,
హైదరాబాద్